సీలింగు లేని ఆస్తి

రైతు ఇంట్లో ఆస్తి అంటే భూమి. ఏలూరు కాలువ కింద అయినా, తాడేపల్లిగూడెం మెట్టలో అయినా, కొల్లేటి అంచున అయినా పెళ్ళిమాటల్లో మొదటి ప్రశ్న "ఎన్నెకరాలు?" అనే. ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయని అడిగేవారు కనబడరు. భూమికి సీలింగు పెట్టి తీరాలని పట్టుబట్టి, పుస్తకాలకు మాత్రం జీవితాంతం ఏ సీలింగూ పెట్టుకోని తెలుగు రాజనీతిజ్ఞుడు ఒకాయన ఉన్నారు. ఆయనే పాములపర్తి వెంకట నరసింహారావుగారు.

ఆయన 1921 జూన్ 28న వరంగల్ ప్రాంతపు లక్నేపల్లిలో పుట్టి, వంగర గ్రామానికి దత్తత వెళ్ళారు. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువు సాగక, ఎల్లలు దాటి వెళ్ళవలసి వచ్చింది. పూనాలోని ఫెర్గూసన్ కాలేజీలో బి.యస్సీ., నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. సైన్సు మిత్రులారా! ఈ సంగతి మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సాహిత్యం ఆర్ట్స్ వాళ్ళకు, మనకు రికార్డులూ ప్రాక్టికల్సూ చాలు అనుకుంటాం కదా! ఆయనా మనలాంటి బి.యస్సీ. విద్యార్థే.

ఆయన పుస్తక ప్రీతిలో మనం నేర్చుకోదగినవి మూడు ఉన్నాయి.

మొదటిది, పుస్తకం కోసం భాష నేర్వడం. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, సంస్కృతం, ఇంగ్లీషులతో ఆగక స్పానిష్ కూడా నేర్చుకున్నారు. చదువుకోసం వలస పోయిన చోటి మరాఠీని పరాయిదనుకోక సొంతం చేసుకున్నారు.

రెండవది, చదివినదాన్ని పదిమందికి పంచడం. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' మహానవలను హిందీలో 'సహస్రఫణ్' పేరుతో అనువదించారు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులో 'అబల జీవితం'గా అందించారు. ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి చేర్చారన్న మాట. కాలువ నీళ్ళు మన చేలోనే నిలిస్తే చేను కుళ్ళిపోతుంది, కింది చేలోకి వదిలితేనే రెండూ పండుతాయి. చదువూ అంతే. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. సైన్సు పాఠ్యగ్రంథాలు తెలుగులో రావడానికి ఆ సంస్థ చేసిన సేవ ఇంతా అంతా కాదు.

మూడవది, వయసు వచ్చిందని చదువు మానకపోవడం. అరవై దాటిన తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. పదవి దిగిన తర్వాత 1998లో 'ది ఇన్‌సైడర్' అనే ఇంగ్లీషు నవల ప్రచురించారు.

1991లో ఆయన ఎన్నికలకు నిలబడలేదు. రాజకీయం చాలించుకుని హైదరాబాదు వచ్చేద్దామని సామాను సర్దుకున్నారు. ఆ సామానులో ముఖ్యమైనవి పుస్తకాలే. ఇంతలో మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది, సరిగ్గా నెలకు ఈయన ప్రధానమంత్రి అయ్యారు. భూసంస్కరణల కోసం పట్టుబట్టిన మనిషే ఆర్థిక సంస్కరణలకు తలుపు తెరిచారు. పాత అభిప్రాయాన్ని పరిస్థితితో సరిచూసుకుని మార్చుకోవడం మన లేబొరేటరీలో నేర్పే గుణమే.

అయితే ఒక ప్రశ్న దాటవేయరాదు. ఇంత చదివిన మనిషి తప్పు చేయడా? 1972లో ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన కోస్తా జిల్లాల్లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి పదవి పోయింది. "అన్ని పుస్తకాలు చదివినాయన మా మనసు చదవలేకపోయాడా?" అని అడిగే పెద్దలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగినదాన్ని ఆపలేకపోయారన్న విమర్శా ఆయనను వదలలేదు. కాబట్టి పుస్తకం మనిషిని దేవుణ్ణి చేయదు. ఎరువు వేసినంత మాత్రాన పంట రాదు, వానా ఎండా కలిసిరావాలి, రైతు అదును చూసుకోవాలి. అలాగని ఎరువు మానేసే రైతు ఉంటాడా?

పుస్తకాలు కొనడానికి మనకు డబ్బేదీ అనవచ్చు. నిజమే, సెమిస్టరు ఫీజుకే ధాన్యం డబ్బుల కోసం ఎదురుచూసే ఇళ్ళు మనవి. కాని 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మన ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. అంటే శాఖా గ్రంథాలయంలోని పుస్తకాలు మన పెద్దల చెమటతో కొన్నవే! 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. అప్పుడు పుస్తకమే నీళ్ళ మీద మనిషిని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు బస్సు దిగి నాలుగడుగులు నడవడం మనకు బరువా?

నరసింహారావుగారు 2004 డిసెంబరు 23న కన్నుమూశారు. 2024లో భారతరత్న ప్రకటించారు. మనకు అంతటి పదవులు రాకపోవచ్చు. ఎకరాలు అన్నదమ్ముల మధ్య పంచుకునేకొద్దీ తరిగిపోతాయి. పుస్తకం పంచుకునేకొద్దీ పెరుగుతుంది. కాలేజీ వదిలే లోగా మనలో ప్రతి ఒక్కరూ సిలబస్‌లో లేని పుస్తకం ఒకటి చదివి, ఇంకొకరి చేతిలో పెడితే చాలు. ఈ ఆస్తికి పట్టాదారు పాసుపుస్తకం అక్కర లేదు.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి