ప్రశ్నలు – జవాబులు: ఆగడం తెలిసిన ఛార్జర్ కొనండి

ప్రశ్న: నాది 110 సీసీ బండి. బ్యాటరీ 12 వోల్టులు, 4 ఏహెచ్, సీల్డ్. నాలుగు రోజులు బయటికి తీయకపోతే సెల్ఫ్ తీసుకోవట్లేదు. మందు కొట్టే బ్యాటరీ పంపు ఛార్జర్ ఇంట్లో ఉంది, 1.7 ఆంపియర్లది. దాన్నే పెట్టొచ్చా? దుకాణంలో 10 ఆంపియర్లది తీసుకుంటే తొందరగా ఎక్కుతుందంటున్నారు.
– ఒక రైతు, సుల్తానాబాద్

జవాబు: పది ఆంపియర్లది కొనకండి. అది ట్రాక్టర్ బ్యాటరీకి పనికొచ్చే సామాను.

యాసంగి కోతలైపోయి బండ్లు నీడకు చేరిన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. అందరిదీ ఒకటే తొందర. చిన్న బ్యాటరీని తొందరపెడితే చస్తుంది. ఏహెచ్ అంకెలో పదో వంతు కరెంటు దానికి చాలు. మీ 4 ఏహెచ్‌కు 0.4 ఆంపియర్. అర ఆంపియర్‌దైనా మంచిదే, ఒకటి మాత్రం దాటొద్దు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

ఆంపియర్ల కన్నా ముఖ్యమైనది, దుకాణంలో ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది: ఈ ఛార్జర్ ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతుంది? సీల్డ్ బ్యాటరీకి 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.6 దగ్గరికి దిగి కూర్చునేది కావాలి. ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు తప్ప ఇంకేమీ లేని పాత రకం డబ్బాకు ఆగడం తెలియదు. బ్యాటరీ నిండినా తోస్తూనే ఉంటుంది, వోల్టేజీ 16 దాటిపోతుంది. లోపలి నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి వాల్వు గుండా బయటికి పోతాయి. మూత తీసే వీలు లేని బ్యాటరీలో ఆ నీళ్లు మళ్లీ పోయలేరు. పక్కలు ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే చాలాసార్లు కథ ఇదే.

ఎండాకాలంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 14.4 అనేది 25 డిగ్రీల వేడికి చెప్పే లెక్క. మన దగ్గర మేలో 44, 45 డిగ్రీలు కాస్తుంటే ఆ పరిమితి దాదాపు అర వోల్టు తగ్గాలి. వేడిని బట్టి తానే సర్దుకునే ఛార్జర్ దొరికితే సరే. లేకపోతే పొద్దు గుంకి చల్లబడ్డాక పెట్టండి, రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పెట్టకండి.

ఇక పంపు ఛార్జర్. ముందు పంపులో ఏ బ్యాటరీ ఉందో చూడండి. కొన్ని కొత్త పంపుల్లో లిథియం వస్తోంది. వాటిలో చాలావాటి ఛార్జర్ మీద 12.6 వోల్టులని రాసి ఉంటుంది. అది బండి బ్యాటరీని ఎప్పటికీ నింపలేదు. ఎందుకంటే నిండాక ఉండాల్సింది 12.6 అయినా, నింపాలంటే 14 దాకా తొయ్యాలి. పంపులో 8 ఏహెచ్ లెడ్ యాసిడ్ ఉంటే దాని 1.7 ఆంపియర్లు దానికి సరిపోతాయి. మీ బండికి మాత్రం నాలుగు రెట్లు ఎక్కువ. తప్పనిసరైతే ఒకసారి పెట్టండి, అలవాటు చేయకండి.

అసలు ఛార్జర్ కొనడానికి ముందు రెండు మూడు వందలు పెట్టి ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనండి. ఇంజను ఉన్న ప్రతి ఇంట్లో అది ఉండాలని నేను ఎన్నిసార్లయినా చెబుతాను. బండి ఆపి రాత్రంతా వదిలి, పొద్దున్నే కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12 అంటే దాదాపు ఖాళీ. తర్వాత స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేసి మళ్లీ కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే కదలకుండా ఉంటే బండే ఛార్జింగ్ చేయట్లేదు. రెగ్యులేటర్ చూపించండి, లేదా లోపలి కాయిల్ చూపించండి. 15 దాటితే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడికిస్తోంది. బండి బాగుండి, బ్యాటరీ నిండా ఎక్కించినా నాలుగు రోజుల్లో దిగిపోతే, తర్వాత పెట్టించిన జీపీఎస్, ఫోన్ ఛార్జింగ్ పాయింటు లాంటివి తీసేసి చూడండి. అప్పటికీ దిగితే బ్యాటరీ అయిపోయింది. ఇవేవీ చూడకుండా ఛార్జర్ కొంటే వారం వారం క్లిప్పులు తగిలించుకుంటూ కూర్చోవాల్సిందే.

ముందు క్లిప్పులు, తర్వాత స్విచ్చి. తీసేటప్పుడు ముందు స్విచ్చి. గాలి ఆడే వరండాలో పెట్టండి. దీపం వెలిగే దేవుడి గది పక్కన, గ్యాస్ పొయ్యి దగ్గర వద్దు. హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ చాలు.

ప్రశ్న: ఏసీ నుంచి కారే నీళ్లు బ్యాటరీలో పోయొచ్చా?
– పెద్దపల్లి

జవాబు: వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్ల సంగతి అడగనే వద్దు.

ప్రశ్న: దుబాయ్‌లో పని చేస్తాను, రెండేళ్లకోసారి వస్తాను. వచ్చిన ప్రతిసారీ బండి బ్యాటరీ చచ్చి ఉంటుంది. ఇక్కడి నుంచి రిపేర్ మోడ్ ఉన్న మంచి ఛార్జర్ తెద్దామనుకుంటున్నా.
– సుల్తానాబాద్ మండలం నుంచి వెళ్లిన పాఠకుడు

జవాబు: తేవచ్చు, కరెంటు రెండు చోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్‌జే. అక్కడి చదరపు పిన్నుల ప్లగ్గు మాత్రం మన బోర్డులో పట్టదు, మార్పించుకోండి.

అయితే తమ్ముడూ, నెలల తరబడి ఖాళీగా పడి ఉన్న బ్యాటరీని ఏ రిపేర్ మోడూ నమ్మకంగా బతికించలేదు. ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగుతుంది, ఎండల్లో ఇంకా తొందరగా. వెళ్లేముందు నెగటివ్ వైరు విప్పి, నెలకొక రాత్రి ఛార్జింగ్ పెట్టమని ఇంట్లోవాళ్లకు చూపించి వెళ్లండి. మనిషి లేని ఇంట్లో రెండేళ్లు ప్లగ్గు పెట్టి ఉంచకండి. అన్నిటికన్నా మంచిది, నడిపేవాళ్లుంటే తాళం చెవి వాళ్లకివ్వండి. బండి నడిస్తే ఇంజను, టైర్లు కూడా బాగుంటాయి. ఎవరూ లేకపోతే ఛార్జర్ డబ్బులు దాచుకొని, వచ్చినప్పుడు పాతది దుకాణంలో ఇచ్చి కొత్తది వేయించుకోండి.

ప్రశ్న: బండికి తెచ్చిన అర ఆంపియర్ ఛార్జర్‌ను ట్రాక్టర్‌కు పెట్టొచ్చా? బ్యాటరీ 80 ఏహెచ్.
– జూలపల్లి

జవాబు: ఖాళీ అయిందాన్ని నింపాలంటే రాత్రింబవళ్లు పెట్టినా వారం దాటుతుంది. ఆరు నుంచి ఎనిమిది ఆంపియర్లది కావాలి. పెట్టేముందు మూతలు తీసి, నీళ్లు ప్లేట్ల పైదాకా ఉన్నాయో లేదో చూడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఛార్జర్ వైరు కోసి బండి బ్యాటరీకి కలిపితే?
– కరీంనగర్

జవాబు: అది 19 వోల్టులది. ఆ కత్తెర పక్కన పెట్టండి.