నెలనెలా డబ్బు కట్టకుండా ఫోటో ఎడిటింగ్: మన పంట అమ్ముకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది?



పై వీడియోలో ఒకే ఒక్క బెల్లం దిమ్మ ఫోటో తీసుకుని ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఎలా సరిచేసుకోవాలో చేసి చూపించాను. వీడియోలో గబగబా అయిపోయిన విషయాలన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది చదువుకుంటూ, వీడియో ఆపుకుంటూ చేసుకోండి, వచ్చేస్తుంది.

ముందు నాకు జరిగిన సంగతి చెప్తాను. సంక్రాంతికి ముందు కొత్త బెల్లం దిగింది. బెండ జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లం కాబట్టి ముదురు గోధుమ రంగులో ఉంది. సాయంత్రం పాకలో, నీలం టార్పాలిన్ కింద ఫోటో తీశాను. చీకటిగా వచ్చిందని ఒక యాప్‌లో 'ఆటో' బటన్ నొక్కాను. ఫోటో తళతళలాడిపోయింది. బాగుంది కదా అని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. కాసేపటికి నాలుగేళ్లుగా మా దగ్గర కొంటున్న ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఈసారి మీరు కూడా హైడ్రోస్ వేశారా? వేస్తే మాత్రం నాకొద్దు" అంది.

హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బెల్లం లేత పసుపు రంగులో రావడానికి వేస్తారు. మేం వెయ్యలేదు, కానీ ఫోటో మాత్రం వేసినట్టే ఉంది. నాలుగేళ్ల నమ్మకం ఒక్క బటన్‌తో పోయేది. తర్వాత చూసుకుంటే ఆ యాప్‌కి ఆటోపేలో నెలనెలా డబ్బులు కూడా పోతున్నాయి. ఉచిత ట్రయల్ అని మొదలుపెట్టి మర్చిపోయాను. అప్పటినుంచి ఈ విషయం కూర్చుని నేర్చుకున్నాను.

మనకి అసలు ఏం కావాలి?

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు మన పని ఎంతో చూసుకోవాలి. పంట అమ్ముకునే రైతుకి ఐదు పనులే:

1. అనవసరమైనది కత్తిరించడం, అంటే క్రాప్. వెనకాల కనిపిస్తున్న బకెట్టు, చెప్పులు తీసెయ్యడం.
2. వెలుతురు కాస్త పెంచడం, తగ్గించడం.
3. రంగు ఉన్నది ఉన్నట్టు తేవడం. దీన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు.
4. ఫోటో మీద తెలుగులో పేరు, ధర, ఫోన్ నంబరు రాయడం.
5. వాట్సాప్‌కి ఒక సైజు, ప్రింటుకి ఒక సైజు చేసుకోవడం.

ఈ ఐదింటిలో ఒక్కదానికి కూడా నెలవారీ సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు. లెక్క వేసుకోండి. నెలకి 300 రూపాయలు అనుకుంటే ఏడాదికి 3,600, ఐదేళ్లకి 18,000. కిలో బెల్లం మీద ఖర్చులు పోను 20 రూపాయలు మిగిలితే, ఏడాదికి 180 కిలోల మీద వచ్చే మిగులు ఆ యాప్‌కే పోతుంది. పెళ్లిళ్ల ఫోటోలు తీసే స్టూడియో వాళ్లకి రోజంతా అదే పని, వాళ్లకి గిట్టుబాటు అవుతుంది. మనం నెలకి పది ఫోటోలు చేస్తాం, మనకి కాదు.

డౌన్‌లోడ్ చేసే ముందు ఆరు ప్రశ్నలు

ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, ఈ ఆరూ అడగండి.

ఒకటి: సేవ్ చేశాక ఫోటో మీద వాటర్‌మార్క్ పడుతుందా? సైజు తగ్గించి ఇస్తోందా? కొన్ని యాప్‌లు పనంతా చేయనిచ్చి చివర్లో డబ్బు అడుగుతాయి. అందుకే మొదటిరోజే ఒక ఫోటో చివరిదాకా సేవ్ చేసి చూడండి.

రెండు: నెట్ లేకపోతే పనిచేస్తుందా? పొలం దగ్గర సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే.

మూడు: వ్యాపారానికి వాడుకోవచ్చా? 'ఫ్రీ' అని రాసి ఉన్నా కొన్ని సొంత వాడకానికి మాత్రమే ఫ్రీ. ఉదాహరణకి విండోస్‌లో చాలామంది వాడే ఇర్ఫాన్‌వ్యూ ఇంటి వాడకానికి ఉచితం, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి.

నాలుగు: 'ఒక్కసారి కడితే చాలు' అంటే ఎన్నాళ్లకి? ఫోటోషాప్ ఎలిమెంట్స్ ఒకప్పుడు ఒకసారి కొంటే శాశ్వతంగా ఉండేది. 2025 వెర్షన్ నుంచి అది మూడేళ్ల లైసెన్స్ అయింది. నెలనెలా కట్టక్కర్లేదు గానీ మూడేళ్ల తర్వాత మళ్లీ కొనాలి. అసలు ఫోటోషాప్ అయితే 2013 నుంచి కొత్త వెర్షన్లన్నీ సబ్‌స్క్రిప్షన్ మీదే ఇస్తున్నారు.

ఐదు: తెలుగు సరిగ్గా రాస్తుందా? ఇది ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పరు. టెక్స్ట్ టూల్ తీసుకుని 'స్వచ్ఛమైన', 'ఘనజీవామృతం', 'కృష్ణా', 'రాష్ట్రం' అని నాలుగు మాటలు టైప్ చెయ్యండి. వత్తులు విడిపోయి పక్కన పడితే అది లేబుల్ పనికి పనికిరాదు, ఎంత పెద్ద పేరున్నదైనా సరే.

ఆరు: మన పాత కంప్యూటర్‌లో నడుస్తుందా? దీనికి ఇన్‌స్టాల్ చేసి చూడటమే మార్గం. అందుకే ముందు డబ్బు కట్టకండి.

నేను చెప్పేవి ఇవి

ఫోన్‌కి స్నాప్‌సీడ్. గూగుల్ వాళ్లది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉచితం. ప్రకటనలు లేవు, వాటర్‌మార్క్ లేదు. పైన చెప్పిన ఐదు పనుల్లో మొదటి మూడూ దీనితో చక్కగా అవుతాయి. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు దీంతో మొదలుపెట్టండి.

కంప్యూటర్‌కి గింప్. 1990ల మధ్యలో అమెరికాలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. 2025లో దీని 3.0 వెర్షన్ వచ్చింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వ్యాపారానికి వాడుకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెలుగు వత్తులు సరిగ్గా వస్తాయి. మొదటి రెండు రోజులు మెనూలు గందరగోళంగా ఉంటాయి, భయపడకండి. మనకి కావాల్సినవి ఐదే.

ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే ఫోటోపీ. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పక్కన ప్రకటనలు ఉంటాయి, అందుకే ఉచితం. ఎడిటింగ్ అంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫోటో వాళ్ల సర్వర్‌కి వెళ్లదు. డీటీపీ సెంటర్ వాళ్లు మీకు ఫోటోషాప్ ఫైల్ ఇస్తే దాన్ని కూడా ఇందులో తెరవొచ్చు.

అఫినిటీ గురించి కూడా అడుగుతున్నారు. ఇది ఒకసారి కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌గా పేరు తెచ్చుకుంది. 2024లో దీన్ని కాన్వా కొన్నది, 2025 అక్టోబర్ నుంచి ఉచితంగా ఇస్తున్నారు. కాన్వా అకౌంట్ ఉండాలి, ఏఐ టూల్స్ కావాలంటే డబ్బు ప్లాన్ తీసుకోవాలి. కొంచెం మంచి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ప్రయత్నించొచ్చు. కానీ ఐదో ప్రశ్న, తెలుగు పరీక్ష, తప్పకుండా పెట్టండి.

ఒక జాగ్రత్త. 2022లో సెర్చ్‌లో గింప్ పేరుతో ఒక నకిలీ ప్రకటన వచ్చింది. దాన్ని నొక్కి దించుకుంటే పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ దిగేది. కాబట్టి సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కకండి. అడ్రస్ పట్టీలో గింప్ డాట్ ఓఆర్‌జీ అని మీరే టైప్ చేసి వెళ్లండి.

రంగు ఉన్నది ఉన్నట్టు తేవడం ఎలా?

అసలు పాఠం ఇదే. టార్పాలిన్ కింద తీస్తే ఫోటోకి నీలం పట్టేస్తుంది. మామిడి చెట్టు కింద ఆకుపచ్చ, బల్బు కింద పసుపు. 'ఆటో' బటన్‌కి మన బెల్లం ఏ రంగో తెలీదు, అది ఊహిస్తుంది. మనం ఊహించక్కర్లేదు, వస్తువు మన ఎదురుగానే ఉంది.

1. వస్తువు పక్కన మామూలు తెల్ల జిరాక్స్ కాగితం పెట్టండి. మెరిసే కాగితం వద్దు.
2. ఉదయం పూట, నీడలో, ఆరుబయట తీయండి. నడినెత్తిన ఎండలో తీస్తే కాగితం వెలిగిపోయి కొలతకి పనికిరాదు.
3. స్నాప్‌సీడ్ అయితే 'వైట్ బ్యాలెన్స్' తెరిచి, రంగు ఎంచుకునే గుర్తు నొక్కి కాగితం మీద పెట్టండి. గింప్ అయితే 'కలర్స్' మెనూలో 'లెవెల్స్' తెరిచి, బూడిద రంగు పాయింట్ గుర్తు తీసుకుని కాగితం మీద నొక్కండి. కాగితానికి పట్టిన రంగు పోతుంది, దానితోపాటే బెల్లం అసలు రంగు వస్తుంది.
4. వెలుతురు కొంచెం సరిచేసి, కాగితం కనపడకుండా కత్తిరించండి.
5. చివరగా ఫోన్‌ని వస్తువు పక్కనే పెట్టి రెండూ చూడండి. తేడా ఉంటే వస్తువే కరెక్టు, ఫోటోని మార్చండి.

'శాచురేషన్' జోలికి పోకండి. పసుపు ఫోటోలో అది పెంచితే రంగు కలిపిన పసుపులా కనపడుతుంది. కల్తీ భయంతో మన దగ్గరికి వచ్చిన మనిషి ఆ ఫోటో చూసే వెనక్కి వెళ్లిపోతారు.

అసలు ఫోటోని ఎప్పుడూ చెరపకండి, కాపీ మీదే పనిచెయ్యండి. గింప్‌లో 'సేవ్' నొక్కితే దాని సొంత ఫైల్ తయారవుతుంది, అది వాట్సాప్‌లో ఫోటోలా తెరుచుకోదు. జేపెగ్ కావాలంటే 'ఫైల్' మెనూలో 'ఎక్స్‌పోర్ట్ యాజ్' నొక్కాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

తెగులు ఫోటోకి ఎడిటింగ్ వద్దు

ఇది ప్రాణం లాంటి మాట. ఆకు ఫోటో తీసి సలహా అడిగేటప్పుడు ఏ యాప్‌లోనూ పెట్టకండి, కెమెరాలో ఫిల్టర్ ఉంటే తీసెయ్యండి. నత్రజని తక్కువైతే ముదురు ఆకులు, కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము తక్కువైతే లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. చూసేవాళ్లు ఆ తేడాని రంగుని బట్టే పట్టుకోవాలి. ఫిల్టర్ ఆకుని పచ్చగా చేసేస్తే వాళ్లు తప్పు సలహా ఇస్తారు, మనకి వారం పోతుంది, పంట చెయ్యి దాటుతుంది.

అలాంటి ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. 'డాక్యుమెంట్' గా పంపండి, అసలు ఫైల్ వెళ్తుంది. మొత్తం మొక్క ఒకటి, ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, మూడు ఫోటోలు చాలు.

లేబుల్, సైజులు

వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే చదరపు ఫోటోకి 1080 × 1080 పిక్సెళ్లు చాలు. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క. తేనె సీసా మీద 3 × 2 అంగుళాల లేబుల్ అంటే 900 × 600 పిక్సెళ్లు. 4 × 6 అంగుళాల కార్డు అయితే 1200 × 1800. చిన్న ఫోటోని లాగి పెద్దది చేస్తే మసకబారుతుంది, కాబట్టి పెద్ద ఫోటో నుంచే మొదలుపెట్టండి.

తెలుగు ఫాంట్లకి కూడా డబ్బు అక్కర్లేదు. మండలి, రామభద్ర, మల్లన్న, సురన్న, ఎన్టీఆర్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అనూ ఫాంట్లు వాడతారు, మన ఫైల్ వాళ్ల దగ్గర తెరిస్తే అక్షరాలు మారిపోవచ్చు. అందుకే పీఎన్‌జీగా గానీ పీడీఎఫ్‌గా గానీ ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వండి.

ఇంకొక్క మాట. నెట్‌లో దొరికిందని జైవిక్ భారత్ లోగో తెచ్చి లేబుల్ మీద అతికించకండి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లే వాడాలి. లేనివాళ్లు 'రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకుండా పండించాం' అని, ఎలా పండించారో ఉన్నదున్నట్టు రాసుకోండి.

ఇప్పటికే డబ్బు కట్ అవుతుంటే

మీ యూపీఐ యాప్‌లో 'ఆటోపే' లేదా 'మ్యాండేట్స్' అనే చోటు ఉంటుంది. తెరిచి చూడండి, మీకు తెలియనివి కూడా కనపడొచ్చు. అక్కర్లేనిది రద్దు చెయ్యండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, నేను చేసిన తప్పు అదే. ప్లే స్టోర్ ద్వారా మొదలైనదైతే ప్లే స్టోర్‌లోని 'సబ్‌స్క్రిప్షన్స్' లోకి వెళ్లి ఆపాలి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ మెసేజ్‌ని చదవకుండా పక్కకి తోసెయ్యకండి.

ఆ అక్క సంగతి చెప్పలేదు కదా. మర్నాడు పొద్దున్నే తెల్ల కాగితం పక్కన పెట్టి మళ్లీ ఫోటో తీసి పంపాను, ఏం జరిగిందో కూడా చెప్పాను. "ఇది మన బెల్లం" అని ఎప్పటిలాగే పది కిలోలు చెప్పింది. మన సరుకు నల్లగా ఉంటే నల్లగానే చూపిద్దాం. మన దగ్గర కొనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ రంగు కోసమే.

ఈరోజే స్నాప్‌సీడ్ వేసుకుని, ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువు పక్కన కాగితం పెట్టి ఒక ఫోటో చేసి చూడండి. వచ్చే వీడియోలో గింప్‌లో తేనె సీసా లేబుల్ మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను.