బ్రేకు లైటు నేర్పిన పాఠం



మన హాస్టల్లో పదో తరగతి, తర్వాత ఐటీఐ చదివి, ఇప్పుడు బీరంగూడలో కార్ల కరెంటు పని చేస్తున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. నాకు కవిత్వం రాదు. తెలిసిన పని గురించే రాస్తున్నాను.

మా షెడ్డు ముంబై హైవే పక్కనే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల లారీలు, షిఫ్టు బస్సులు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. ముందున్న కారు ఆగుతోందని వెనుక లారీ డ్రైవరుకు చెప్పేది బ్రేకు లైటే.

ఒకరోజు ఒక కారు వచ్చింది. బ్రేకు తొక్కకపోయినా ఎర్ర లైట్లు ఆరడం లేదు, క్రూయిజ్ కంట్రోల్ పట్టడం లేదు. వేరేచోట కంప్యూటరు మార్చాలన్నారట. వేలల్లో ఖర్చు. మా ఉస్తాద్ మాత్రం "ముందు పెడల్ దగ్గర చూడు" అన్నాడు. టార్చి వేసి చూస్తే, పెడల్‌కు ఉండే చిన్న రబ్బరు బిళ్ల విరిగి కింద పడి ఉంది!

దానికీ దీనికీ సంబంధం ఏమిటి? యాక్సిలరేటరు తొక్కకుండానే కారు వేగాన్ని నిలబెట్టేది క్రూయిజ్ కంట్రోల్. దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరుకు చిన్నప్పుడే చూపు పోయింది. ఆయనకు 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ కార్లలో పెట్టారు.

బ్రేకు తొక్కగానే క్రూయిజ్ వదిలేయాలి. ఆ సంగతి దానికి తెలిపేది పెడల్ పైనున్న బ్రేకు స్విచ్. చాలా కార్లలో దాని లోపల రెండు జతల కాంటాక్టులుంటాయి. తొక్కితే ఒక జత కలిసి లైటు వెలిగిస్తుంది, రెండోది విడిపోయి క్రూయిజ్‌ను ఆపుతుంది. పెడల్ పైకి ఉన్నప్పుడు రబ్బరు బిళ్ల స్విచ్ పిన్నును లోపలికి నొక్కి ఉంచుతుంది. బిళ్ల పోతే పిన్ను బయటికొచ్చి, బ్రేకు తొక్కే ఉన్నట్టు లెక్క!

లైటు వెలగకపోతే ఈ వరుసలో చూడండి.

1. బల్బు: చాలా కార్లలో ఒకే బల్బులో 5 వాట్ల పార్కింగ్ తీగ, 21 వాట్ల బ్రేకు తీగ ఉంటాయి. ఒకటి కాలినా రెండోది వెలుగుతుంది, మోసపోవద్దు.

2. ఫ్యూజు: అదే ఆంపియర్లది వేయాలి. మళ్లీ కాలితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. తీగ చుట్టారో, కారుకే నిప్పు.

3. స్విచ్: టెస్ట్ ల్యాంపు పెట్టండి. ఒక వైరులో కరెంటు ఉండి, బ్రేకు తొక్కినా రెండోదానిలోకి రాకపోతే స్విచ్ పోయినట్టే.

4. ఎర్త్: బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు మసకబారినా, ఇండికేటరు మినుకుమన్నా ఎర్త్ తుప్పు గీకి బిగించండి.

లైటు ఆరకపోతే నష్టమెంతో పదో తరగతి లెక్కే చెబుతుంది. రెండు బల్బులు 42 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 3.5 ఆంపియర్లు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పది గంటల్లో ఖాళీ! అంతకంటే పెద్ద ప్రమాదం, ఎప్పుడూ వెలిగే లైటును చూసి కారు ఎప్పుడు ఆగుతోందో వెనుకవాడికి తెలియదు.

ఆ రోజు బిళ్ల మార్చాక ఉస్తాద్ నన్ను కారు వెనుక నిలబెట్టి బ్రేకు పదిసార్లు తొక్కాడు. తర్వాత ఖాళీ రోడ్డుమీద, బ్రేకు తాకితే క్రూయిజ్ వదులుతుందో లేదో చూశాకే తాళం ఇచ్చాడు. "ఖరీదైన పార్టు చివర చూడాలిరా" అన్నాడు.

తమ్ముళ్లారా, తెలియనిది ఊహించి చెప్పకండి. పరీక్షించి చెప్పండి. మన మాట నమ్మి ఒక కుటుంబం ఆ రోడ్డెక్కుతుంది.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి