పోలో కారు అమ్మదలచిన మేనకోడలికి

 

నీ ఉత్తరము చేరినది. రెండవ బిడ్డ కలిగిన పిమ్మట పిల్లల కుర్చీలు రెండింటిని బిగించి, వాని నడుమ మీ అత్తగారిని కూర్చుండబెట్టుట ఆ వెనుక సీటులో సాధ్యపడుట లేదనియు, కావున పెద్ద కారు కొనక తప్పదనియు, ఇన్నాళ్లు కంటికి రెప్పవలె చూచుకొన్న పోలో జి.టి. టి.ఎస్.ఐ.ని ఎవరికి, ఏ ధరకు, ఏ విధమున అమ్మవలెనో పాలుపోవుట లేదనియు వ్రాసితివి. జీవితములో పెద్దభాగము బ్రేకు ఇనస్పెక్టరు ఉద్యోగములో గడిపినవాడను గనుక నాకు తెలిసినదంతయు వ్రాయుచున్నాను. తీరికగా చదువుకొనుము.

ఎడమవైపు వెనుక తలుపు గేటుకు ఒరసికొనగా రంగు వేయించిన సంగతి కొనువారితో చెప్పవలెనా, బ్రోకరు అన్నట్లు మిన్నకుండవలెనా అని నీవు ఉత్తరము చివర ఒక్క పంక్తిలో అడిగిన ప్రశ్నయే నా దృష్టికి అన్నింటికంటె ప్రధానమైనది. అందుచే మొదట దానికే బదులు వ్రాసెదను. చెప్పవలెను. కొనువాడు అడుగకమునుపే, ధర ప్రస్తావన రాకమునుపే, వీలైనచో వాడు ఇంటికి బయలుదేరకమునుపే ఫోనులో చెప్పవలెను. ఈ కాలమున కారు చూడవచ్చువారు వట్టిచేతులతో రారు. రంగు మందమును కొలుచు చిన్న యంత్రమును రేకుపై ఆనించినంతనే ఫ్యాక్టరీలో పడిన పూత ఏదియో, షెడ్డులో పడిన పూత ఏదియో మైక్రాన్ల లెక్కన తేలిపోవును. యంత్రము లేకున్నను అనుభవజ్ఞుడు తలుపు అంచునగల రబ్బరును వ్రేలితో తొలగించి, దాని చాటున రంగు ఎచట ఆగినదో గీత కొరకు వెదకును. బానెట్టు ఎత్తి, కీలుల వద్దనున్న బోల్టు తలలపై రంగు చిట్లి పాన పెట్టిన జాడ యున్నదేమో పరికించును. ప్రమాదమునకు గురియైన బండ్లను పరీక్షించునపుడు మేమును అట్టి తావులనే చూచెడివారము. నీవు దాచిన తలుపు వాని కంటబడెనా, తలుపు విలువ తగ్గుటతో ఆ వ్యవహారము ముగియదు. అంతవరకు నమ్మిన సర్వీసు బిల్లులు, మీటరులోని కిలోమీటర్లు, నీ మాట, అన్నియు వానికి అనుమానాస్పదములగును. అదే తలుపును నీవే ముందుగా చూపి, ఏ సంవత్సరము, ఎట్లు తగిలినది, ఎచట బాగుచేయించితివి అను సంగతులు బిల్లుతో సహా చెప్పితివా, ఈ మనిషి దాచునది కాదు అను భావము వాని మనస్సులో నాటుకొని, తక్కిన కారంతయు ఆ నమ్మకము వెలుగులోనే వానికి కనబడును. స్తంభములు, చాసిస్ చెక్కుచెదరనప్పుడు ఒక తలుపు రంగు కారుకు పెద్ద లోపము కాదు. దాచినప్పుడు మాత్రమే అది దోషమగును.

ఇక నీ కారు విశేషము. అది నీకు తెలియదని కాదు, అడిగినవానికి తడుముకొనక చెప్పగలుగవలెనని వ్రాయుచున్నాను. ఇంటిల్లిపాది వాడుకొను చిన్నకారు దేహములో చురుకైన ఇంజనును అమర్చెడి ‘హాట్ హ్యాచ్’ సంప్రదాయమునకు 1976లో ఐరోపాలో విక్రయమునకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జి.టి.ఐ. గొప్ప ప్రచారము తెచ్చినది. మనదేశమున నాలుగు మీటర్లకు లోబడిన పొడవును, 1200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజనును గల కార్లకు పన్ను తక్కువ యగుటచే, ఆ సంప్రదాయము ఇచ్చట చిన్న ఇంజనుకు టర్బో తోడుచేయు దారి పట్టినది. 2013లో వెలువడిన పోలో జి.టి. టి.ఎస్.ఐ. అట్టిదే: 1197 సి.సి., నాలుగు సిలిండర్లు, 105 పి.ఎస్. శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్కు, ఏడు గేర్ల డి.ఎస్.జి. గేరుబాక్సు; నిశ్చలస్థితి నుండి నూరు కిలోమీటర్ల వేగమునకు 9.7 సెకండ్లని కంపెనీవారే ప్రకటించిరి. 2020లో బి.ఎస్. 6 నియమములు వచ్చినపుడు ఆ ఇంజను స్థానమున మూడు సిలిండర్ల ఒక లీటరు ఇంజనును, డి.ఎస్.జి. స్థానమున టార్కు కన్వర్టరు గేరుబాక్సును వచ్చినవి; 2022లో పోలోయే మన దేశమున ఆగిపోయినది. కావున ఆ నాలుగు సిలిండర్ల ఇంజను, ఆ గేరుబాక్సు జతగా కావలెననువాడు పాతవానిలో వెదకుకొనవలసినదే గాని కొత్తగా కొనుటకు లేదు. నీ బేరమునకు బలము ఇచ్చటనే యున్నది.

బలహీనతయు ఇచ్చటనే కలదు. ‘డి.ఎస్.జి. బండి, రేపు మెకట్రానిక్ (గేర్లు మార్చు యంత్రాంగము) పోవును, లక్షలు వదలును’ అని భయపెట్టి ధర తెగ్గోయుట బ్రోకర్లకు వాడుక. ఆ భయము పూర్తిగా నిరాధారమైనదని నేననను. ఆ గేరుబాక్సులో రెండు క్లచ్చులు కలవు. ఒకటి బేసి గేర్లకు, రెండవది సరి గేర్లకు. రెండును నూనెలో మునుగని పొడి క్లచ్చులు. ట్రాఫికులో అడుగడుగున ఆగుచు ప్రాకునట్లు నడిపినచో అవి వేడెక్కి అరుగును. అరిగినపుడు మొదటి గేరు నుండి రెండవదానికి మారు వేళ బండి వణకును. కావున వాదమునకు దిగక, కొనువానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రద్దీగల వీధిలోనే మెల్లగా నడిపి చూపుము. వణకు లేనిదానిని లేదని మాటలతో నిరూపింపవలసిన పని లేదు. క్లచ్చు మార్పించి యున్నచో ఆ బిల్లును, మార్పింపనిచో ఆ సంగతిని స్పష్టముగా చెప్పుము. నీవు సిగ్నలు వద్ద ముందు బండికి కొంత ఎడమిచ్చి, ప్రాకుటకు బదులు ఆగి ఒక్కసారిగా కదలెడి అలవాటు చేసికొంటివని వ్రాసితివి గదా, దానిని కూడ చెప్పుము. ఎరిగినవానికి ఆ ఒక్క మాట పది ప్రశంసాపత్రముల పెట్టు.

కారు చూపు దినమున ఇంజనును ముందుగా వేడిచేసి ఉంచకుము. తెలిసినవాడు వచ్చినంతనే బానెట్టుపై అరచేయి ఆనించి చూచును. వెచ్చగా నుండెనేని చల్లని స్టార్టులో ఏదియో చప్పుడును దాచుచున్నారని తలచును. రాత్రియంతయు నిలిచిన బండిని వానిచేతనే స్టార్టు చేయింపుము. కారును శుభ్రముగా కడిగించుట చాలును. ఇంజనుకు మెరుగులు, కొత్త సీటుకవర్లు, సువాసనలు వలదు. అవి కప్పిపుచ్చుటకే యని జనులు ఎరుగుదురు. టైర్ల ప్రక్కగోడపై నాలుగంకెల ముద్ర యుండును. మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండు సంవత్సరము. 2322 అని యున్నచో 2022లో ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. నాలుగు టైర్లవి, స్టెప్నీది ముందే చూచుకొని వ్రాసియుంచుము. రెండవ తాళపుచెవి, పుస్తకములు, జాకీ, నీవు అలాయ్ చక్రములు మార్చినప్పుడు దాచిన అసలు చక్రములు, అన్నియు ఒకచోట చేర్చుము. ఇంజను కంప్యూటరులో శక్తి పెంచు రీమ్యాపు ఏదైనను చేయించి యున్నచో, తలుపు విషయమున వ్రాసిన మాటయే దీనికిని వర్తించును; నీవు చేయింపలేదని నాకు తెలియును, కాని అడుగువారు తప్పక అడుగుదురు.

ధర విషయము. కార్లు కొను కంపెనీలవారిని ఇద్దరు ముగ్గురిని ఇంటికి పిలిపించి చూపించి, వారు చెప్పు ధరను తెలిసికొనుము. వారికి అమ్ముటకు కాదు, ఇంతకు దిగువన పోనక్కరలేదను అవధి తెలియుటకు. వారి లెక్క సంవత్సరము, కిలోమీటర్లు, ఎన్నవ యజమాని అను వానితో తెగును. పదిహేను వేల కిలోమీటర్ల గడువు ముగియకమునుపే నూనె మార్పించినదానికి, టర్బో చల్లబడువరకు నిముషము ఆగి ఇంజను ఆపినదానికి ఆ లెక్కలో గడి లేదు. అట్టి శ్రద్ధకు విలువ కట్టగలవాడు ఈ కారునే కోరి వెదకుచున్నవాడొక్కడే. వానికొరకు కొన్ని వారములు ఓపిక పట్టుము. అయితే మమకారము కొలది ధర పెంచకుము; నీ మమకారమునకు కొనువాడు డబ్బు ఇయ్యడు, ఇయ్యవలసిన పనియు లేదు. బేరమునకు కొంచెము చోటుంచి ఒక ధర చెప్పి, కారణములతో నిలబడుము. సంచకారము పుచ్చుకొన్న పిమ్మట మరొకడు ఎక్కువ ఇచ్చెదనన్నను మాట తప్పవలదు.

ఇంకొక మాట. కారు నీదని, నడుపునది నీవని తెలిసియు, ప్రశ్నలన్నియు మీ ఆయనవైపు తిరిగి అడుగువారు వత్తురు. అతడు సౌమ్యుడు, మర్యాదకై బదులు చెప్పబోవును, చెప్పనియ్యకుము. ఆ కారు సంగతి నీకు తెలిసినంత ఇంకెవ్వరికిని తెలియదు. టెస్టు డ్రైవునకు ఎవ్వరు వచ్చినను డ్రైవింగు లైసెన్సు చూచి, దాని ఫోటో తీసికొని, మొదట నీవు నడిపి, పిమ్మట వానికిచ్చి ప్రక్కన కూర్చుండుము. ఒంటరిగా పోవలదు, తాళము ఇచ్చి పంపవలదు. నూనె వేడెక్కకముందే యాక్సిలరేటరు అదిమి తొక్కువానిని చూచితివా, బండి ఆపించి కారణము వివరింపుము. విని నేర్చుకొనువాడైనచో కారు వాని చేతిలో బాగుండును.

ఇప్పుడు నేను మిక్కిలి గట్టిగా చెప్పదలచిన విషయమునకు వచ్చితిని. డబ్బు ముట్టినది, తాళము ఇచ్చితిమి, పని ముగిసినది అని తలచువారిని నా ఉద్యోగకాలమున ఎందరినో చూచితిని. ఎన్నడో అమ్మిన బండి ఎచటనో మనిషిని గుద్దగా, కోర్టు నోటీసు చేతబట్టుకొని మా ఆఫీసు వరండాలో నిలిచి, ‘అయ్యా, ఆ బండి నాది కాదు’ అని మొరపెట్టుకొనువారికి మేము చూపగలిగినది రిజిస్టరులోని వారి పేరు మాత్రమే. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యమున ఈ విషయమును స్పష్టపరచినది: కారు ఒకరి తరువాత ఒకరి చేతులు మారినను, రిజిస్ట్రేషను ఎవరి పేర నిలిచియున్నదో వారే మోటారు వాహనాల చట్టము దృష్టిలో యజమాని, ప్రమాదబాధితులకు నష్టపరిహారపు బాధ్యత వారిదే. ఇది అన్యాయమని నీకు తోచవచ్చును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు నలుగురు కొనుగోలుదారుల వెంట తిరుగవలెనా అను ప్రశ్న వేసికొన్నచో నాకు అది న్యాయముగనే తోచును.

కనుక ఫారము 29 రెండు ప్రతులు, ఫారము 30 ఖాళీలుంచక పూర్తిచేసి, నీ సంతకముతోబాటు కొనువాని సంతకము, చిరునామా, గుర్తింపుపత్రముల నకళ్లు తీసికొనుము. ఖాళీ ఫారములపై సంతకము పెట్టి బ్రోకరు చేతికి ఇయ్యవలదు. అట్టి ఫారములు బీరువాలలో ఏండ్లతరబడి పడియుండి, నడుమ బండి మాత్రము ఊళ్లేలుచుండును. చట్టములోని 50వ సెక్షను ప్రకారము అమ్మినవారు అదే రాష్ట్రమున 14 దినములలోగా రిజిస్టరింగు అధికారికి తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలోగా తన పేర మార్పించుకొనవలెను. కొనువాడు విజయవాడవాడో, మన కాకినాడవాడో అయ్యెనా, మీ రిజిస్ట్రేషను తెలంగాణది గనుక ఫారము 28తో అభ్యంతరము లేదను పత్రమును తీసికొని 45 దినములలోగా పంపవలెను. నేను ఉద్యోగము చేసినపుడు హైదరాబాదు బండి బెజవాడ పోవుట ఊరు మారుటయే; 2014 పిమ్మట అది రాష్ట్రము మారుట. అచట అతడు లైఫ్ టాక్సు మరల కట్టవలసియుండును గనుక దానిని బేరములోనే కలిపి మాటలాడుకొనుము. అప్పు తీరినను ఆర్.సి.లో బ్యాంకు పేరు మిగిలియుండవచ్చును. ఫారము 35తో దానిని ముందే తీసివేయింపుము.

పైకము బ్యాంకు ద్వారానే రావలెను. ఒకే వ్యవహారమున రెండు లక్షల రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. పుచ్చుకొన్నంత మొత్తము జరిమానాగా పడవచ్చును. కొనువాడు చూపు ఫోను తెరను నమ్మక, నీ ఖాతాలో జమ కనబడిన తరువాతనే తాళము ఇమ్ము. డెలివరీ నోటుపై తేదీతోబాటు గంటయు, మీటరు అంకెయు వ్రాయించి ఇద్దరును సంతకము చేయుడు. ఆ గంటకు పిమ్మట పడిన చలానుల బాధ్యత వానిదని అందులోనే వ్రాయింపుము, అంతకుముందువి ఏవైననున్నచో నీవే కట్టివేయుము. నీ ఆధారు నకలుపై ‘ఈ కారు పేరుమార్పిడికి మాత్రమే’ అని అడ్డముగా వ్రాసి తేదీ వేయుము. ఫాస్టాగును అదే దినమున మూయించుము. ఇన్సూరెన్సు పాలసీని కొన్నవాడు 14 దినములలోగా తన పేరునకు మార్పించుకొనవలెను. నీకు వచ్చిన నో క్లెయిము బోనసు మాత్రము కారుతో పోదు, అది నీది. ఐదేండ్లు క్లెయిము లేనివారికి అది నూటికి యాబది వరకు వచ్చును. తలుపు ఖర్చు నీవే భరించి క్లెయిము చేయలేదు గనుక నీకు పూర్తిగా దక్కవలెను. కంపెనీ నుండి ఆ పత్రము వ్రాయించుకొని కొత్త కారు పాలసీలో వాడుకొనుము.

పేరు మారిన ఆర్.సి. నకలు నీ చేతికి వచ్చువరకు ఆ కాగితములను వేటిని పారవేయకుము. వచ్చే ఆదివారము చూడవచ్చెదనన్న వరంగల్లు కుర్రవాడు నాలుగు సిలిండర్ల ఇంజనే కావలెనని ఫోనులో అడిగినాడని వ్రాసితివి. నాకు అతనిపై ఆశ కలుగుచున్నది. శనివారమునకే ఫారములు పూరించి నాకొకసారి ఫోటో తీసి పంపుము, తప్పులున్న దిద్దెదను. మీ అత్తయ్య పిల్లలిద్దరికి ముద్దులు చెప్పుమనుచున్నది.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ మేనమామ
కాకినాడ