గ్యాలను కొలత – బావినీటి శుద్ధియందు దాని యుపయోగము

1. గ్యాలను ద్రవపదార్థముల పరిమాణమును దెలుపు కొలత. 1824 సంవత్సరపు ఆంగ్ల చట్టము ననుసరించి, ఫారన్‌హీటు 62 డిగ్రీల యుష్ణముగల పది పౌనుల శుద్ధజల మాక్రమించు స్థలమే యొక గ్యాలను. అది 4.546 లీటరులకు సమానము. అమెరికా గ్యాలను 231 ఘనపుటంగుళములు, అనగా 3.785 లీటరులు మాత్రమే. భారతదేశమున 1956 సంవత్సరపు చట్టముచే మెట్రిక్ కొలతలు ప్రవేశపెట్టబడినను, బావులశుద్ధి విధానమున గ్యాలను జాడ నేటికిని మిగిలియున్నది.

2. బస్తరు ప్రాంతమున బైలాడిలా కొండల పాదముననున్న బచేలివంటి ఇనుపరాతి నేలలయందు, వానలకు ఎఱ్ఱమట్టి కలిసి నీరు కలకబాఱుట గలదు. అట్టి నీటివలన కలరా, సన్నిపాతజ్వరము మున్నగునవి వ్యాపింపకుండ బ్లీచింగు పౌడరు వేయవలెను. నీ రెంతయో యెఱుగక మందెంతో నిర్ణయింపజాలము.

3. గుండ్రని బావి వ్యాసమును అడుగులలో గొలిచి, దానిని దానిచేతనే గుణించి, నీటిలోతుచేతను, పిమ్మట 5 చేతను గుణించినచో గ్యాలనులు వచ్చును. ఉదాహరణము: వ్యాసము 6 అడుగులు, నీటిలోతు 10 అడుగులు. 6×6×10×5 = 1800 గ్యాలనులు, అనగా సుమారు 8180 లీటరులు.

4. హారక్సు పరీక్షయందు మందుద్రావణపు బొట్లను ఆఱు తెల్లగిన్నెల నీటిలో వరుసగా 1 మొదలు 6 వఱకు వేసి, అరగంట తరువాత సూచకద్రావణము కలుపుదురు. నీలివర్ణము మొట్టమొదట ఎన్నవ గిన్నెలో స్పష్టముగా గానవచ్చునో, ఆ సంఖ్యకు రెట్టింపు గ్రాముల మందు 455 లీటరుల నీటికి గావలెను. ఈ 455 యేల? అది సుమారు 100 గ్యాలనులు గనుక. రెండవ గిన్నె నీలమైనచో 100 గ్యాలనులకు 4 గ్రాములు. పై బావికి 72 గ్రాములు.

5. ఆ 1800 గ్యాలనులను అమెరికా గ్యాలనులుగా నెంచువాడు 6810 లీటరులే యని తలచి 60 గ్రాములు మాత్రమే వేయును. మందు ఆఱవవంతు తగ్గును. నీరు శుద్ధమైనదను నమ్మకము మాత్రము తగ్గదు. అపాయ మిందే గలదు.

6. పౌడరును నేరుగా బావిలో జల్లరాదు. బొక్కెనలో నీటితో కలిపి, సున్నము అడుగున దిగినపిదప, తేటను మాత్రమే మఱియొక బొక్కెనలోనికి వంచి బావిలో దింపి బాగుగా కలియబెట్టవలెను. గంటసేపటివఱకు ఆ నీరు త్రాగరాదు. అటుపిమ్మట లీటరు నీటియందు అరమిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను.