ఆ పూటకు గట్టెక్కించే సాకు

హిజ్రీ 9వ సంవత్సరం (క్రీ.శ. 630). దైవప్రవక్త (స) తబూక్ నుండి మదీనాకు తిరిగి వచ్చారు. యాత్రకు వెళ్ళకుండా ఉండిపోయిన ఎనభై మందికి పైగా వచ్చి, ప్రమాణాలు చేసి సాకులు చెప్పారు. ఆయన వాటిని పైకి అంగీకరించి, వారి అంతరంగాన్ని అల్లాహ్‌కు వదిలేశారు. కవి, మాటకారి అయిన హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి)కి సాకు అల్లడం కష్టం కాదు. అయినా తనకు ఏ ఇబ్బందీ లేదని ఉన్నదున్నట్లు చెప్పారు.

ఫలితం యాభై రోజుల బహిష్కరణ! సలాం చేస్తే అబూ ఖతాదా (రజి) వంటి ఆత్మీయుడు సైతం బదులు పలకలేదు. ఆదరిస్తాను రమ్మని గస్సాన్ రాజు పంపిన లేఖను కాబ్ (రజి) పొయ్యిలో వేసి కాల్చేశారు. చివరకు అల్లాహ్ ఆయన పశ్చాత్తాపాన్ని స్వీకరించాడు (తౌబా: 118). ప్రమాణాలు చేసిన వారిని అదే సూరా నిలదీసింది.

సోదరులారా! అప్పిచ్చినవాని ముందు, జీవిత భాగస్వామి ముందు సాకు నోటి దాకా వచ్చినప్పుడు ఆ యాభై రోజులు గుర్తు చేసుకుందాం.