గొట్టములు గుండ్రముగా నుండుటేల?

విద్యుత్తు పల్లెలకు రాకపూర్వము మన రైతులు మోటతో నూతినీరు తోడి పొలములకు పారించుచుండెడివారు. మోట అడుగున తోలుతో కుట్టిన తొండ మొకటి వ్రేలాడుచుండెడిది. ఖాళీగా నున్నపుడు అది ముడుతలుపడి చదునుగా నుండును. మోట పైకి వచ్చి నీరు దూకునపుడు తొండము ఉబ్బి గుండ్రనగును. అగ్నిమాపక దళమువారి గుడ్డగొట్టమును చూచితిరా? చుట్టిపెట్టినపుడు అది నాడావలె నుండును. నీరు వదలిన క్షణముననే గుండ్రని దుడ్డుకఱ్ఱవలె బిగియును. దానికి ఆ రూపమును ఎవరును ఈయలేదు, నీరే యిచ్చినది.

నీరు తన చుట్టునున్న గోడలను అన్ని వైపులకును నెట్టును. మెత్తని గోడ జరుగగలిగినంత దూరము జరిగి లోపల చోటు పెంచును. ఒక చుట్టుకొలతలో అన్నిటికంటె ఎక్కువ చోటు నిముడ్చుకొను ఆకారము వృత్తము. లెక్కవేసి చూడుడు. 40 సెంటీమీటర్ల వెడల్పుగల రేకును 15 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పుగల దీర్ఘచతురస్రముగా మడచినచో లోపలి వైశాల్యము 75 చదరపు సెంటీమీటర్లు. చతురస్రముగా మడచినచో 100. గుండ్రముగా చుట్టినచో ఇంచుమించు 127! రేకు అంతయే, వ్యయ మంతయే. పైగా నీటితో పోల్చినపుడు దానిని ఒరసికొను గోడ తక్కువ కావున ప్రవాహమునకు ఆటంకమును తక్కువ.

ప్రాచీన రోమనులు సీసపు రేకులను చుట్టి, అంచులను అతికి గొట్టములు చేయుచుండిరి. గొట్టమునకు పేరు రేకు వెడల్పునుబట్టి వచ్చునని క్రీస్తుపూర్వము 1వ శతాబ్దికి చెందిన విట్రూవియస్ అను వాస్తుశాస్త్రజ్ఞుడు వ్రాసెను. 50 వ్రేళ్ల వెడల్పుగల రేకుతో చుట్టినది ‘ఏబది గొట్టము’. అతుకు పైకి పొడుచుకొని వచ్చుటచే వానిలో పెక్కు పూర్ణవృత్తములు గాక నీటిబొట్టు ఆకారమున నుండెడివి.

చోటు, వ్యయము అటుంచుడు. అసలు చిక్కు బలమునకు సంబంధించినది. 20 మీటర్ల యెత్తుననున్న ట్యాంకునుండి దిగివచ్చు గొట్టము అడుగున, ప్రతి చదరపు సెంటీమీటరు మీదను ఇంచుమించు 2 కిలోల ఒత్తిడి యుండును. ప్రక్క 10 సెంటీమీటర్లుగల చతురస్రపు గొట్టము నూహింపుడు. ఒక మీటరు పొడవున దాని ఒక్కొక్క ప్రక్కమీద పడు ఒత్తిడి 2,000 కిలోలు! రెండంచుల ఆని, నడుమ బరువు మోయు పలకవలె ఆ ప్రక్క బయటికి వంగజూచును. ఆ వంపు మూలలను విప్పజూచును. కుళాయి తెఱచినపుడెల్ల, మూసినపుడెల్ల ఒత్తిడి మారుచుండును. మాటిమాటికి వంచిన ఇనుపతీగ తెగునట్లు మూల యొకనాడు పగులును.

గుండ్రని గొట్టమున మూలయే లేదు. ఒత్తిడి గోడను వంచక, చుట్టును సమముగా సాగలాగును. తీగను వంచుట సులభము. లాగి తెంపుట యెంత కష్టమో ప్రయత్నించి చూడుడు. అందుచే పలుచని గోడయే చాలును. ఇక గుండ్రని కొనకు మర వేసి త్రిప్పి బిగింపవచ్చుననుట కుళాయి పనివాడు మనకంటె బాగుగ చెప్పగలడు.

అయితే పలకల గొట్టములును లేకపోలేదు. సినిమాశాలలలో చల్లని గాలిని తెచ్చు రేకుగొట్టములు తఱచు దీర్ఘచతురస్రాకారమున నుండును. ఆ గాలి ఒత్తిడి మిక్కిలి స్వల్పము. కప్పు క్రింద సందు ఇరుకు. అచ్చట ప్రక్కలు పగులునను భయముకంటె చోటు చాలదను చిక్కే పెద్దది. అయినను వెడల్పైన రేకులమీద అడ్డముగా నొక్కులు నొక్కి బిగువు నిత్తురు. లేనిచో యంత్రము తిరిగినపుడెల్ల అవి డబడబ మ్రోగుచుండును.